ఒకే ఎర్ర పొర, మూడు కొలతలు: రాగి ఆక్సైడ్ ప్రాజెక్టు డైరీ

పని మొదలు

రాగి మీద ఏర్పడే ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ (ఇందులో రాగికి ఒక ధనావేశం ఉంటుంది) పొరను మూడు రంగాలవాళ్లు మూడు రకాలుగా ఎరుగుదురు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకు అది పాతకాలపు డయోడ్. 1920లలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త గ్రాండాల్ రాగి పలకను కొలిమిలో కాల్చి, కరెంటును ఒక దిశలోనే సులువుగా పోనిచ్చే రెక్టిఫయర్ తయారు చేశాడు. సిలికాన్ రాకముందు బ్యాటరీ చార్జర్లలో, కొలత మీటర్లలో అటువంటివే పనిచేసేవి. రసాయన శాస్త్రవేత్తలకు అది ఉత్ప్రేరకం. ఇక వైరస్‌ల సంగతి: 2012లో జపాన్‌లో హషిమోతో బృందం, ఘనరూపంలోని క్యూప్రస్ సమ్మేళనాలు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌నూ క్యూ-బీటా అనే ఫేజ్‌నూ (బాక్టీరియాకు సోకే వైరస్), రెండు ధనావేశాల రాగి ఉన్న క్యూప్రిక్ ఆక్సైడ్ కంటే ఎంతో సమర్థంగా నిర్వీర్యం చేస్తాయని చూపింది.

అయితే ఎవరి నమూనాలు వారివి, ఎవరి పరికరాలు వారివి. మేము అనుకున్నది ఇంతే: ఒకే విడత రేకులను ముక్కలు చేసి, వాటి మీద కరెంటు, రసాయన చర్య, ఫేజ్ మూడూ పక్కపక్కనే కొలవాలి. ఒకటి మారినప్పుడు మిగతా రెండూ మారతాయో లేదో చూడాలి. నాది పదార్థ విజ్ఞానం వైపు పని. ఫేజ్‌ల పని మైక్రోబయాలజీ సహచరిది.

టైటానియం డయాక్సైడ్ ఎందుకు తీసుకోలేదని ఇప్పటికే చాలామంది అడిగారు. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ప్రచురించిన ప్రయోగం తర్వాత కాంతితో పనిచేసే ఉపరితలాలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. కానీ దాని అనటేస్ అనే స్ఫటిక రూపానికి బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావలసిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు, అంటే అతినీలలోహిత కాంతి కావాలి. గదిలోని ఎల్‌ఈడీ దీపం ఆ పని చేయదు. చీకట్లో కూడా పనిచేసే ఉపరితలం మాకు కావాలి.

సోమవారం: కొలిమి

మందపు పొరకు గ్రాండాల్ దారే పట్టాం. గాలిలో దాదాపు 1030 డిగ్రీల పైన నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్ నిలవదు, క్యూప్రస్‌గా మారిపోతుంది. అందువల్ల అంత వేడి కావాలి. మరీ పైకి పోతే అసలుకే మోసం: రాగి 1085 దగ్గర కరుగుతుంది, ఆక్సైడ్‌తో కలిసినప్పుడు 1066కే కరగడం మొదలవుతుంది. పని చేసుకోవడానికి మిగిలిన సందు చాలా ఇరుకు. కొలిమి సూచిక మీద నమ్మకం లేక, రేకు పక్కనే విడిగా థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) పెట్టాను.

చల్లారేటప్పుడు ఉష్ణోగ్రత మళ్లీ ఆ హద్దు దాటి కిందికి వస్తుంది కనుక పైన నల్లటి పొర తప్పదు. అయితే చల్లారేకొద్దీ రాగి ఎక్కువగా ముడుచుకుంటుంది, ఆక్సైడ్ తక్కువగా ముడుచుకుంటుంది. ఆ లాగులాటలో నల్లటి పెచ్చులు టపటపా రాలిపోతాయి. మిగిలినది సన్నని గరుకు కాగితంతో తీసేస్తే కింద ముదురు ఎరుపు బయటపడుతుంది. చూడటానికి బాగుంటుంది గానీ ఫేజ్ పరీక్షకు ఈ మందపు పొర పనికిరాదు: మరీ గరుకుగా, పగుళ్లతో ఉంది. దీన్ని కరెంటు కొలతలకే ఉంచుకున్నాం.

ఫేజ్ పరీక్షకు పలుచని పొరలు వేరు. ఒక వరుస క్షార లాక్టేట్ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర విద్యుత్తుతో నిక్షేపించినవి. ఇవి ఇటుక ఎరుపు, సమంగా, గట్టిగా అంటుకుని ఉంటాయి. రెండో వరుస 400 డిగ్రీల దగ్గర గాలిలో కాల్చిన నల్లటివి. మూడోది బాగా పాలిష్ చేసిన వట్టి రాగి. పోల్చి చూడటానికి గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు. వీటన్నిటితో పాటు క్యూప్రస్ ఆక్సైడ్ పొడిని పాలీయురేథేన్ వార్నిష్‌లో కలిపి గాజు మీద పూసిన పలకలు. అసలు కథ ఆ వార్నిష్ పలకలదే.

బుధవారం: కరెంటు

ఎర్ర పొర మీద గ్రాఫైట్ పేస్టు చుక్క పెట్టి, రాగిని రెండో కొసగా తీసుకుని వోల్టేజీ మార్చుతూ కరెంటు రాసుకున్నాను. ఆక్సైడ్ వైపు ధనాత్మకంగా ఉన్నప్పుడు కరెంటు జోరుగా పోయింది, తిప్పి పెడితే సన్నగిల్లింది. క్యూప్రస్ ఆక్సైడ్‌లో అక్కడక్కడ రాగి పరమాణువులు లోపించడం వల్ల అది పి-రకం అర్ధవాహకం, అంటే ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు ('రంధ్రాలు') అందులో కరెంటును మోస్తాయి. దాన్ని రాగి తాకే చోట అడ్డుగోడ ఏర్పడుతుంది. 1938లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త షాట్కీ ఇచ్చిన వివరణ ఇదే, ఈనాటికీ అదే చెప్పుకుంటున్నాం.

రేకుకు రెండు అంతరతలాలు, అంటే రెండు పదార్థాలు కలిసే హద్దులు, ఉన్నాయి కదా, రాగి-ఆక్సైడ్ ఒకటి, ఆక్సైడ్-గ్రాఫైట్ ఇంకొకటి. పని చేస్తున్నది ఏది? కాంతితో తేల్చాం. మసక గదిలో ముందు నీలం ఎల్‌ఈడీ, తర్వాత నారింజ ఎల్‌ఈడీ, రెండూ గ్రాఫైట్ చుక్క పక్కనున్న ఖాళీ జాగా మీద పడేలా పెట్టి కొలిచాను. క్యూప్రస్ ఆక్సైడ్ నీలం కాంతిని పైపొరల్లోనే మింగేస్తుంది, నారింజ కాంతి లోపలిదాకా వెళ్తుంది. నారింజకు వచ్చిన కరెంటు స్పష్టంగా ఎక్కువ. అంటే అడ్డుగోడ అడుగున, రాగి దగ్గర ఉంది. భౌతిక శాస్త్రవేత్త హెర్బర్ట్ క్రోమర్ తన 2000 నోబెల్ ఉపన్యాసంలో అంతరతలమే పరికరమని అన్నాడు. చదివినప్పుడు మాట బాగుందనుకున్నాను. రెండు ఎల్‌ఈడీలతో ఆ పరికరం ఏ లోతున ఉందో వేలు పెట్టి చూపగలగడం మాత్రం వేరే తృప్తి.

పై ముఖం సంగతి చూడటానికి, గాజు మీద పలుచగా రాగి పూసి 200 డిగ్రీల దగ్గర ఆక్సైడ్ చేసిన స్లైడు ఒకటి తీసుకున్నాను. ఇక్కడ కింద రాగి మిగలలేదు కనుక కరెంటు పొరలోనే అడ్డంగా పోవాలి. వేడి పలక మీద ఉంచి కొద్దిగా ఆల్కహాల్ ఆవిరి చూపితే నిరోధం పెరిగింది, ఆవిరి పోయాక మెల్లగా తగ్గింది. గాలిలోని ఆక్సిజన్ ఉపరితలానికి అతుక్కుని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. దానితో పి-రకంలో రంధ్రాలు పెరుగుతాయి. ఆల్కహాల్ వచ్చి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు తిరిగి వచ్చి రంధ్రాలను పూడుస్తాయి. జింక్ ఆక్సైడ్ మీద జపాన్ శాస్త్రవేత్త సెయామా 1962లో చూపినది ఇదే సూత్రం. అది ఎన్-రకం, అంటే కరెంటును ఎలక్ట్రాన్లే మోసేది, కనుక దిశ మాత్రం తలకిందులు. గ్యాస్ లీకును పసిగట్టే చవక సెన్సర్లు చాలావరకు ఆ పనికి వారసులే. ఉపరితలం మీద జరిగే రసాయన చర్య అడ్డంగా పోయే కరెంటులో కనిపిస్తోందంటే, మా ప్రాజెక్టులో మూడింట రెండు ముక్కలు ముడిపడ్డట్టే.

శుక్రవారం: నీటి చుక్క

కాంటాక్ట్ యాంగిల్, అంటే నీటి చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం, కొలతకు పెద్ద యంత్రం లేదు. ఫోనుకు మాక్రో కటకం తగిలించి, చుక్కను పక్కనుంచి ఫొటో తీసి, ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో కోణం గీశాం. ఇంతకంటే సులువైన ఉపరితల పరీక్ష లేదు, ఇంత తొందరగా బుద్ధి చెప్పే పరీక్ష కూడా లేదు.

అప్పుడే ఆమ్లంలో కడిగిన రాగి మీద చుక్క పరుచుకుంది. అదే రేకును మూత లేని డబ్బాలో బల్ల మీద వదిలేస్తే రోజురోజుకీ చుక్క పైకి లేస్తూ వచ్చింది. గాలిలో తిరిగే హైడ్రోకార్బన్లు ఏ శుభ్రమైన ఉపరితలాన్నీ ఖాళీగా ఉండనివ్వవు. లోపలి రాగి అలాగే ఉంది, రేకు బరువూ మారలేదు, కానీ నీటికీ ఫేజ్‌కూ తగిలే ముఖం మారిపోయింది. అందువల్ల ఇకపై ప్రతి పరీక్షకు ముందు చుక్క కోణం రాయాలని నిర్ణయించాం. కోణం తేడాగా ఉన్న ముక్క ఆ రోజు పరీక్షకు రాదు.

ఎక్స్‌పీఎస్ ఫలితాలు

ఎక్స్-రే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ (ఎక్స్‌పీఎస్) నివేదిక వచ్చింది. ఎక్స్-రేలు తగిలి బయటకొచ్చే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ఈ పద్ధతి చూసేది పైనున్న పది నానోమీటర్ల లోపే, మాకు కావలసిందీ అంతే. అన్ని నమూనాల మీదా 284.8 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కార్బన్ శిఖరం హాజరు. నల్లటి రేకులో 940 నుంచి 945 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఉపశిఖరాలు లేచాయి. అవి రెండు ధనావేశాల రాగికి గుర్తు. ఎర్ర రేకులో అవి దాదాపు లేవు.

వట్టి రాగినీ క్యూప్రస్ ఆక్సైడ్‌నూ ప్రధాన శిఖరంతో వేరు చేయలేం, రెండూ ఒకే చోట పడతాయి. ఓజర్ శిఖరం (పరమాణువు సర్దుకుంటూ విసిరే మరో ఎలక్ట్రాన్ గుర్తు) చూడాలి: ఎలక్ట్రాన్ వోల్టుల్లో లోహానికి 918.6, క్యూప్రస్‌కు 916.8 దగ్గర వస్తుంది. పాలిష్ చేసి పంపిన 'వట్టి' రాగిలో రెండూ కనిపించాయి. గాలి తగలగానే రాగి తన మీద తానే పలుచని క్యూప్రస్ చొక్కా తొడుక్కుంటుంది. కనుక మా పట్టికలో వట్టి రాగి అన్నది వ్యవహారానికే.

మంగళవారం: కరిగే రాగి

నియోక్యుప్రోయిన్ అనే రసాయనం ఒక ధనావేశం ఉన్న రాగితో కలిస్తే పసుపు-నారింజ రంగు ఇస్తుంది, 454 నానోమీటర్ల దగ్గర కొలవవచ్చు. రేకుల మీద ఉప్పు కలిసిన ఫాస్ఫేట్ బఫర్ (ఆమ్లత మారనివ్వని ద్రావణం) చుక్కలు ఉంచి, తీసి, రంగు చూశాం. ఎర్ర రేకు నుంచి రంగు చకచకా వచ్చింది. నల్లదాని నుంచి, అస్కార్బిక్ ఆమ్లంతో క్షయకరణం చేశాక కూడా, తక్కువే. బఫర్‌లోని క్లోరైడ్ క్యూప్రస్ అయాన్‌ను పట్టుకుని నీటిలో నిలవనిస్తుంది, ఫాస్ఫేట్ క్యూప్రిక్ అయాన్‌ను అవక్షేపంగా దింపుతుంది. అంటే 'ఎంత రాగి కరిగింది' అన్న ప్రశ్నకు జవాబు రేకులో సగమే ఉంది, మిగతా సగం చుక్కలో ఉంది. ఈ సంగతి చెప్పకుండా అంకెలు మాత్రమే ఇచ్చే ప్రచార పత్రాలను చూస్తే నాకు చిరాకు.

గురువారం, ఆ తర్వాత: ఫేజ్‌లు

రెండు ఫేజ్‌లు. ఫై-6 సూడోమోనాస్ సిరింజే అనే మొక్కల బాక్టీరియాకు పడుతుంది, చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ఎంఎస్-2 ఇ. కోలైకి పడుతుంది, కొవ్వు పొర లేదు, ప్రొటీన్ గుల్లే, వ్యాసం సుమారు 27 నానోమీటర్లు. రెండూ మనుషుల జోలికి రావు, కనుక సాధారణ ప్రయోగశాలలోనే పని చేయవచ్చు. కొవ్వు పొర ఉన్న వైరస్‌లకు ఒకటి, లేనివాటికి ఒకటి నకలుగా తీసుకున్నాం.

నేను రేకులు పట్టుకుని వెళ్లగానే సహచరి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీ రేకు ఫేజ్‌ను చంపుతోందా, రేకు నుంచి కరిగి వచ్చిన రాగి నా పళ్లెంలోని బాక్టీరియాను చంపుతోందా? ముందు అది తేల్చండి."

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఫేజ్‌ను లెక్కపెట్టేది బాక్టీరియా పచ్చిక మీద అది చేసే మచ్చలతో, అంటే ప్లాక్‌లతో. బాక్టీరియానే జబ్బుపడితే మచ్చలు తగ్గుతాయి, ఆ ఘనత మనం పొరపాటున రేకుకు కట్టబెడతాం. అందువల్ల రాగిని బంధించే ద్రావణంలోకి ఫేజ్‌ను కడిగి తీసుకున్నాం: క్యూప్రిక్ కోసం ఈడీటీఏ, క్యూప్రస్ కోసం బాథోక్యుప్రోయిన్. ఫేజ్ లేని చుక్కను ఎర్ర రేకు మీద ఉంచి, కడిగి తీసి, ఆ ద్రవంలో తాజా ఫేజ్ కలిపి చూశాం. మచ్చల సంఖ్య గాజు నుంచి కడిగినదానితో సమానంగా వచ్చింది. బంధకం పనిచేస్తోందన్నమాట. ఈ నియంత్రణ పరీక్షకు పట్టిన సమయం అసలు పరీక్షకు పట్టినదానికంటే ఎక్కువే, అయినా ఇది లేకపోతే మిగతాదంతా వృథా.

ఇక ఫలితం. చుక్క మీద ప్లాస్టిక్ పొర కప్పి, తడి ఆరకుండా ఉంచాం. ఒక గంట తర్వాత ఎర్ర రేకు నుంచి తీసిన ఫై-6లో మచ్చలు కనిపించలేదు. అలాగని సున్నా అని రాయలేదు, మా పద్ధతి పట్టగలిగే కనిష్ఠం కంటే తక్కువ అని రాశాం. నల్ల రేకు మీద తగ్గుదల ఉంది గానీ చాలా మందకొడి. వట్టి రాగి ఎర్రదానికి దగ్గరగా నిలిచింది. ఎక్స్‌పీఎస్ చూశాక అందులో వింత లేదు, ఫేజ్‌కు తగిలేది అక్కడా క్యూప్రస్ పొరే. ఎంఎస్-2 మొండిది. క్రమం అదే, వేగం తక్కువ.

కారణం గురించి వాదన మా ఇద్దరి మధ్యా ఇంకా నడుస్తోంది. క్యూప్రస్ రాగి ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చి క్యూప్రిక్ అవుతుంది. ఆ దారిలో సూపర్ ఆక్సైడ్, పెరాక్సైడ్, చివరకు హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అవి కొవ్వునూ ప్రొటీన్‌నూ ఆర్‌ఎన్‌ఏనూ దేన్నీ వదలవు. హషిమోతో బృందం మాత్రం ప్రధాన కారణం ఆ రాడికల్స్ గానీ కరిగిన అయాన్లు గానీ కాదని, ఘన ఉపరితలం ప్రొటీన్లను నేరుగా తాకడమేనని వాదించింది. మా దగ్గరున్న పరీక్షల్లో వార్నిష్ పలకలు ఈ వాదనకు దగ్గరగా వచ్చాయి.

వార్నిష్ పలకలు

'నానో రాగి కలిపిన' పెయింట్లు, ఫిల్ములు అమ్మేవాళ్లు చెప్పేది ఎంత శాతం కలిపామన్నదే. మా వార్నిష్‌లోనూ పొడి దండిగానే ఉంది, పలక ఎర్రగా మెరుస్తోంది. చుక్క కోణం పెడితే వట్టి వార్నిష్‌కు వచ్చిందే వచ్చింది. మల్టీమీటర్‌కు తెరిచిన సర్క్యూటే. నియోక్యుప్రోయిన్ రంగు లేదు. ఫై-6 గాజు మీద ఉన్నంత సుఖంగా ఉంది. సామెత తిరగబడింది: లోన పటారం, పైన లొటారం. ఆరేటప్పుడు వార్నిష్ రేణువుల మీద పలుచని తోలు కట్టేస్తుంది. ఆ తోలు దాటి ఎలక్ట్రాన్ రాదు, అయాన్ రాదు, ఫేజ్ లోపలికి పోదు.

అదే పలకను సన్నని గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, కడిగి మళ్లీ పెట్టాం. రుద్దడంలో పోయింది తోలు మాత్రమే, కలిపిన శాతం అంతే ఉంది. ఈసారి చుక్క ప్రవర్తన మారింది, రంగు వచ్చింది, ఫై-6 గంటలో కుప్పకూలింది. 2020లో అమెరికాలో ఒక బృందం పాలీయురేథేన్‌తో అతికించిన క్యూప్రస్ ఆక్సైడ్ రేణువుల పూత మీద కొవిడ్ వైరస్ గంటలో దాదాపు 99.9 శాతం తగ్గిందని చూపింది. ఆ పూతకూ మా మొదటి పలకకూ పదార్థాల జాబితాలో పెద్ద తేడా కనిపించదు. తేడా అంతా రేణువు ముఖం తెరిచి ఉందా లేదా అన్నదే.

రుద్దిన పలక కూడా కరెంటు పోనివ్వలేదు, రేణువులు ఒకదానికొకటి తగలడం లేదు. అడ్డంగా కరెంటు పోకపోయినా ఫేజ్ పోయింది. కాబట్టి రేణువుకూ దాన్ని తాకినదానికీ మధ్య ఎలక్ట్రాన్ మార్పిడి జరిగితే చాలు, పలకంతా వాహకం కానక్కరలేదు. నేరుగా తాకడమే కారణమన్న వాదనకు ఇది పూర్తి రుజువు కాదు, ఎందుకంటే తోలు తీయగానే అయాన్లు కూడా వస్తున్నాయి. సహచరి ఇది గుర్తు చేయడం మానరు.

ఆదివారం: ఎండిన చుక్క

ఉపరితలాల వైరస్ నిరోధాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 21702 పరీక్షలో వైరస్ ద్రవాన్ని 5 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరపు ముక్క మీద పోసి, పైన ఫిల్మ్ కప్పి, 25 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. పూతలను పోల్చడానికి ఆ ప్రమాణం బాగానే ఉంది. కానీ తలుపు పిడి మీద పడిన తుంపర ఇరవై నాలుగు గంటలు ఫిల్మ్ కింద తడిగా ఉండదు. అందుకని చిన్న చుక్కలు వేసి ఆరనిచ్చి కూడా చూశాం. ఫై-6 ఆరితే గాజు మీద కూడా కొంత పోతుంది, కనుక గాజుతో పోల్చకుండా చెప్పే ఏ అంకెకూ విలువ లేదు. చుక్కలో మ్యూసిన్, ఆల్బుమిన్ కలిపితే ఎర్ర రేకు వేగం తగ్గింది. ప్రొటీన్లు రాగిని పట్టుకుంటాయి, రేకు మీద తామే పరుచుకుంటాయి కూడా. 2020లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో కొవిడ్ వైరస్ రాగి మీద 4 గంటల తర్వాత సజీవంగా దొరకలేదు, ప్లాస్టిక్, స్టీలు మీద 72 గంటల వరకు దొరికింది. అక్కడ గంటలు పట్టినది ఇంకోచోట నిమిషాల్లో ఎందుకు పోతోందని అడిగేవాళ్లు ముందు చుక్కలో ఏముందో, ఎంతసేపు తడిగా ఉందో చూడాలి.

బ్లీచ్

చివరి వరుస పరీక్ష శుభ్రపరచడం గురించి. ఎక్కువ మంది తాకే ఉపరితలాలను హైపోక్లోరైట్‌తో, అంటే బ్లీచ్‌తో, తుడుస్తారు కదా. అది క్యూప్రస్‌ను క్యూప్రిక్‌గా ఆక్సీకరిస్తుంది. ఎర్ర రేకును సజల బ్లీచ్‌తో పదేపదే తుడిస్తే గోధుమ రంగుకు, అక్కడి నుంచి నలుపుకు తిరిగింది. ఫై-6 మీద దాని వేగం నల్ల రేకు వేగానికి దిగజారింది. మందపు డయోడ్ రేకును కూడా అలాగే తుడిచి కొలిస్తే, దాని ఏకదిశ గుణం చెక్కుచెదరలేదు. దాని అడ్డుగోడ అడుగున రాగి దగ్గర ఉంది, బ్లీచ్ అక్కడిదాకా పోలేదు. ఒకే ఆక్సైడ్‌కు రెండు ముఖాలు, ఒకటి పాడైనా రెండోది ఎరగదు.

నల్లబడ్డ రేకును అస్కార్బిక్ ఆమ్లంలో కాసేపు ముంచితే పైన ఎరుపు కొంత తిరిగి వచ్చింది. అది నిజంగా క్యూప్రస్సా, లోహపు రాగా అన్నది ఓజర్ శిఖరమే చెప్పాలి. నమూనాలు రేపు పంపుతున్నాం. వాటితో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తుడిచినవి, క్వాటర్నరీ అమ్మోనియం ద్రావణంతో తుడిచినవి కూడా వెళ్తున్నాయి. ప్రతి ముక్క వెనుక ఆ రోజు చుక్క కోణం పెన్సిల్‌తో రాసి ఉంది.